గండికోట గోడ చాటున తమ్ముడు

ఆ రోజు ఉదయం సుమంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పులివెందుల నుంచి బస్సులో వచ్చే ఫ్లెక్సు కట్టను దించుకోవడం, దాన్ని హనుమంతయ్యకు చూపించి శభాష్ అనిపించుకోవడం, ఆ తర్వాత ఇంటికెళ్లి భావన చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం. ఒక మనిషి ఒక పొద్దుటికి ఇంతకంటే తక్కువ కోరుకోలేడు. దేవుడికి అది కూడా ఎక్కువే అనిపించినట్టుంది.

ప్రొద్దుటూరులో హనుమంతయ్య బట్టల దుకాణం తెలియనివాళ్లు లేరు. ఆ దుకాణం మేడమెట్ల కింది గదిలోనే సుమంత్ ఫొటో స్టూడియో. ఒక కంప్యూటరు, ఒక కెమెరా, ఒక నీలం తెర, భార్య భావన సాయం, ఇదీ అతని ఆస్తి. ఆ గదిలో అంతకుముందు ఒక టైలరు ఉండేవాడు. జమ్మలమడుగులో ఉన్న వేదవ్యాస ఇంటికి ఒక్క జాకెట్టు కుట్టిన పాపానికి, ఆ టైలరు వారం తిరక్కుండా మిషను ఎత్తుకుని పోవాల్సి వచ్చింది. ఈ వేదవ్యాస ఎవరో కాదు, హనుమంతయ్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

అన్నదమ్ములు విడిపోయింది పరుపు దగ్గర. నవ్వకండి, నిజంగానే పరుపు దగ్గర. పాతకాలపు బట్టల దుకాణాల్లో నేలంతా తెల్లటి పరుపులు పరిచి ఉంటాయి కదా. కొనేవాళ్లు చెప్పులు బయట విడిచి వచ్చి దానిమీద కూర్చుంటారు. ఎదురుగా శెట్టిగారు బాసింపట్టు వేసుకుని చీరలు విప్పి విసురుతుంటారు. జనం మారారు, పరుపులు తీసేసి గాజు కౌంటర్లు, కుర్చీలు వేద్దామన్నాడు తమ్ముడు. నాయన కూర్చున్న పరుపు తీస్తే నన్ను తీసినట్టే అన్నాడు అన్న. మాటా మాటా పెరిగింది. తమ్ముడు జమ్మలమడుగు వెళ్లిపోయి, గాజు కౌంటర్లతో సొంత దుకాణం పెట్టుకున్నాడు. పదేళ్లు దాటినా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇప్పుడు హనుమంతయ్య పులివెందులలో కొత్త దుకాణం తెరుస్తున్నాడు. ప్రారంభం రేపే. ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో కొత్త దుకాణం నెత్తిన ఒకటి, మొత్తం మూడు ఫ్లెక్సులు కట్టాలి. వాటిమీద వేయడానికి ఆయన తెచ్చిన ఫొటో పాతది. తెల్ల పరుపు మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు, నడుమ నాయన, కుడిపక్క హనుమంతయ్య, ఎడమపక్క తండ్రి భుజం మీద చెయ్యి వేసి కోరమీసంతో వేదవ్యాస.

"నాయనది ఇంతకు మించిన ఫొటో ల్యా. దీన్నే ఎయ్యి. కానీ ఈ ఎడమపక్కనుండేటోడు కనపడగూడదు," అన్నాడు హనుమంతయ్య.

"కత్తిరిస్తే పెద్దాయన భుజం గూడా పోతాది మామా. చిన్నాయన చెయ్యి దానిమీదే ఉండాది."

"ఎవురూ? చిన్నాయనా?"

"అదే... ఈ ఎడమపక్కాయన."

"నాయన భుజం పోగూడదు. వాడు పోవల్ల. ఎట్ల చేస్తావో నాకు దెల్దు. ఇంగోమాట. జమ్మలమడుగులో కట్టేది వాని దుకాణానికి ఎదురుగ్గా కట్టిచ్చు. వాడు లేని ఫొటో వాడే చూసుకోవల్ల."

టైలరు సంగతి గుర్తుకొచ్చి సుమంత్ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిలోకి దిగాడు. ఫొటోకు మాస్కు వేశాడు. మాస్కంటే ఫొటోమీద కప్పే తెర లాంటిది. దానిమీద నల్లరంగు పూసినచోట బొమ్మ మాయమవుతుంది, తెల్లరంగు పూస్తే తిరిగి వస్తుంది. బొమ్మ చెరిగిపోదు, దాక్కుంటుందంతే. ఉత్త బ్రష్షుతో పూస్తే అంచు కత్తెరతో కోసినట్టు ఉంటుందని, గండికోటకు వెళ్లినప్పుడు తాను తీసిన పాతగోడ ఫొటోనే బ్రష్షుగా మార్చుకున్నాడు. దాంతో నెమ్మదిగా అద్దుతూ పోతే, ఎడమపక్కంతా సున్నం పెచ్చులూడిన గోడలాగా గరుకు గరుకుగా చిరిగి, వెనకాల వేసిన పట్టుచీర రంగులో కలిసిపోయింది. వేదవ్యాస మీసంతో సహా గోడ చాటుకు వెళ్లిపోయాడు. తండ్రి భుజం మీద నాలుగు వేళ్లు మాత్రం ఎంత అద్దినా కుదరక మిగిలిపోయాయి. వాటికి తెల్లరంగు కలిపి కండువా మడత అనిపించాడు.

నమూనా చూసి హనుమంతయ్య తలూపాడు. ఆయన భార్య రాజేశ్వరమ్మ మాత్రం కళ్లద్దాలు సవరించుకుని, "మా మామ భుజం మీద ఏందప్పా అది?" అని అడిగింది. "కండువా మడత అత్తా," అన్నాడు సుమంత్. ఆమె "ఊ" అని ఊరుకుంది.

అంతవరకు అంతా బాగానే ఉంది. ఫ్లెక్సులు అచ్చువేసేది పులివెందులలో జియావుల్లా. మూడు చోట్లా కొలతలు మూడు రకాలు కాబట్టి, పొరలన్నీ కలిపేయకుండా ఫైలు ఉన్నదున్నట్టు పంపమని, కొలతలు తానే సర్దుకుంటానని అడిగాడు. సుమంత్ పంపేశాడు. తెరలు తెరలుగానే ఉన్న ఫైలును పరాయి చేతిలో పెట్టడమంటే ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసి ఊరెళ్లడమని అతనికి అప్పుడు తట్టలేదు.

బస్టాండులో కట్ట దించుకుంటుండగా జియావుల్లా ఫోన్ చేశాడు.

"సుమంత్ భాయ్, మూడూ అచ్చేసినా. జమ్మలమడుగుది, ఈడిదీ మావోళ్లు కట్టేసినారు. నీ ఫైల్లో ఒక పెద్ద తప్పుండె. నేను సూసి సరిచేసినా. థాంక్సులు గీంక్సులు ఏం వద్దులే."

"ఏం తప్పు భాయ్?"

అప్పటికే ఫోన్ పెట్టేశాడు. సుమంత్ కట్ట తాడు విప్పి, బస్టాండు గోడ పక్కన కొంచెం పరిచాడు. మొట్టమొదట బయటపడింది మూరెడు పొడవున్న కోరమీసం.

సుమంత్ ఇంకొంచెం పరిచే ధైర్యం లేక, ఉన్నపళంగా చుట్టి, స్టూడియోకు పరిగెత్తి నీలం తెర వెనక దాచాడు. ఉగ్గాని గిన్నెతో ఎదురొచ్చిన భావనతో, "ఎవురొచ్చి అడిగినా ఫ్లెక్సు రాలేదని చెప్పు. నేను జమ్మలమడుగుకు పోయొస్తా," అన్నాడు.

"ఏమండీ, మొగం అట్ల తెల్లబోయిందేంది? తినేసి పోండి."

"తింటే కక్కుకుంటా భావనా."

బండి తీస్తుండగా హనుమంతయ్య ఫోను. "ఏమప్పా, ఫ్లెక్సొచ్చిందా?"

సుమంత్ జన్మలో అబద్ధాలు తక్కువ. అందుకే వచ్చిన ఒక్కటీ అందంగా రాలేదు. "బస్సు... టైరు పంక్చరైంది మామా. లేటైతాది."

"అట్లనా? సరే, మేమే పులివెందులకు పోయి ఆడ కట్టింది చూస్తాంలే. రాజేశ్వరి గూడా వస్తానంటాంది. అన్నం తిని బయల్దేరతాం."

అబద్ధం ఆడకపోయి ఉంటే ఆయన ప్రొద్దుటూరులోనే ఉండేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం లోపల రెండూళ్లలో ఇద్దరు వేదవ్యాసలను మాయం చేయాలి. అది జరగకపోతే కంప్యూటరు, కెమెరా, నీలం తెర అన్నీ నెత్తిన పెట్టుకుని ఏ ఊరి మెట్ల కింద గది వెతుక్కోవాలో సుమంత్‌కు తోచలేదు. దారంతా అదే ఆలోచన. ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరూ తననే చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

జమ్మలమడుగులో ఫ్లెక్సు చెప్పినచోటే, చెప్పినట్టే, వేదవ్యాస దుకాణానికి ఎదురుగా కట్టి ఉంది. దాని కింద సాక్షాత్తూ వేదవ్యాసే నిలబడి, మెడ వెనక్కి వంచి తనను తాను చూసుకుంటున్నాడు. ఫ్లెక్సులో మీసం నలుపు, కింద మీసం తెలుపు. మిగతా అంతా అదే మనిషి. సుమంత్ వెనక్కి తిరిగి పోదామనుకునేలోపు, బండి ముందున్న స్టూడియో పేరు ఆయన చదివేశాడు.

"ఇది చేసింది నువ్వేనా అప్పా?"

"చేసింది నేనే గానీ సార్..."

"నన్ను గూడా ఎయ్యమని మా అన్నే చెప్పినాడా?"

అవునంటే అబద్ధం. కాదందామంటే ఆ పెద్దమనిషి కళ్లలో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి. సుమంత్ నిజమే చెప్పాడు. "ఆయప్ప మీ గురించి శానా చెప్పినాడు సార్. ఫ్లెక్సు మీ దుకాణానికి ఎదురుగ్గానే కట్టల్లన్నాడు. మీరే చూసుకోవల్లని."

ఇంకేముంది, వేదవ్యాస ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నాడు. "మా అన్న ఎప్పుడూ అంతే. ఫోన్ జేసి రారా అనేదానికి నామోషీ. ఇంతెత్తు ఫ్లెక్సేసి పిలుస్తాడు. నేనే ముందు పోయింటే ఈపాటికి..." మళ్లీ ఒకసారి ఫ్లెక్సు వైపు చూసి, "రేపటిదాకా ఏల? దుకాణం తెరిచేటప్పుడు ఇంటోళ్లు ముందురోజే ఆడుండవల్ల. అన్నం తిని, స్వీట్లు కట్టించుకోని ఈ పొద్దే పోతా," అన్నాడు.

"రేపు రాండి సార్. ఈ పొద్దు ఎండ శానా ఉండాది."

"జమ్మలమడుగోళ్లకు ఎండ చెప్తాండావే నువ్వు!" అని నవ్వి, వీపు తట్టి, ఆయన కారు సిద్ధం చేయించడానికి లోపలికి వెళ్లాడు.

ఇక జమ్మలమడుగు ఫ్లెక్సు జోలికి పోయే ప్రసక్తే లేదు. మిగిలింది పులివెందుల. అన్న అక్కడికి చేరేలోపు బొమ్మను మాయం చేయాలి, తమ్ముడు చేరేలోపు ఏదో ఒకటి కావాలి, ఆ ఏదో ఒకటి ఏమిటో ముద్దనూరు దాటినా అతనికి తట్టలేదు. మధ్యలో భావన ఫోన్ చేసింది.

"రాజేశ్వరత్త వచ్చింది. ఫ్లెక్సు రాలేదన్నా. మీరు యాడికి పోయినారంటే జమ్మలమడుగుకన్నా. ఎందుకన్నాది. నాకేం దెలుసు, మొగం తెల్లబోయి, తిండిగూడా తినకుండా పోయినాడని చెప్పినా. ఆమె మొగం గూడా తెల్లబోయింది. ఏమైందండీ?"

"ఏం కాలేదు. ఇంగ నోరు తెరవొద్దు తల్లీ," అని సుమంత్ బండి వేగం పెంచాడు.

పులివెందులలో కొత్త దుకాణం ముందు జియావుల్లా నిలబడి, తాను అచ్చువేసిన ఫ్లెక్సును మురిపెంగా చూసుకుంటున్నాడు. మూడు ఫ్లెక్సుల్లో ఇదే పెద్దది. సుమంత్ బండి దిగకుండానే అరిచాడు.

"ఏం పని జేసినావు భాయ్! ఆ మనిషి ఉండకూడదు!"

"ఉండకూడదా?" జియావుల్లా నిర్ఘాంతపోయాడు. "అప్పా, ఒక తూరి బారసాల ఫ్లెక్సులో ఒక అల్లుని మొగం ఇడిచిపెట్టినా. ఆయప్ప అన్నం మానేసినాడు. వాళ్లోళ్లంతా వచ్చి నా మిషను ముందర కూచున్నారు. ఆ పొద్దునుంచి తలకాయలు లెక్కబెట్టకుండా నేను మిషను ఆన్ చెయ్యను. నీ ఫైలు తెరిస్తే ముసలాయన భుజం మీద నాలుగు వేళ్లుండాయి, చెయ్యి ల్యా. చెయ్యి యాడుందా అని ఎతికితే గోడ ఎనక ఏకంగా మనిషే ఉండాడు! మీసం జూడు, ఎట్లుండాదో. ఇట్లాంటోన్ని ఎవురన్నా కావాలని దాస్తారా? చెయ్యి జారి నల్లరంగు పూసినావనుకుని మాస్కు ఆపేసినా. ఆయప్ప మొగం కొంచెం తెల్లగా గూడా చేసినా."

"ఆయనే హనుమంతయ్య మామ తమ్ముడు!"

"మరి తమ్మున్నే ఇడిచిపెడితే ఊరుకుంటారా?" అన్నాడు జియావుల్లా మరింత అర్థంకాక.

వివరించే తీరిక లేదు. ఫ్లెక్సు దించుదామంటే కట్టినవాళ్లు భోజనానికి వెళ్లారు, ముడులు గట్టివి. సుమంత్ చుట్టూ చూశాడు. రేపటి అలంకరణకోసం తెచ్చిన బంతిపూల దండలు గంపల్లో కనిపించాయి. కంప్యూటరులో వేసిన తెర ఇక్కడ పూలతో వేస్తే సరి! నిచ్చెన వేయించి, ఎక్కి, వేదవ్యాస నిలువునా మరుగునపడేలా ఒక్కో దండా వేలాడదీయడం మొదలుపెట్టాడు. అంత తొందరలోనూ పనితనం మాత్రం వదల్లేదు. దండలన్నీ ఒకే పొడవు ఉంటే అంచు కోసినట్టుంటుందని, కొన్ని పైకి, కొన్ని కిందికి కట్టాడు.

"భలే ఉండాది భాయ్, కలిసిపోయింది," అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న జియావుల్లా.

పులివెందుల గాలి సంగతి ఇద్దరూ మరిచిపోయారు. అది ఒక్క విసురు విసిరేసరికి దండలన్నీ కొసకు జరిగి ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. ఒక్క దండ మాత్రం మిగిలి, ఎవరో కొలిచి వేసినట్టు సరిగ్గా వేదవ్యాస మెడ చుట్టూ కుదురుకుంది. దాన్ని లాగబోతుండగా కింద కారు ఆగిన చప్పుడైంది.

హనుమంతయ్య చేతికర్ర పట్టుకుని దిగాడు, వెనక రాజేశ్వరమ్మ దిగింది. ఆయన కేకకోసం సుమంత్ నిచ్చెన మీద కళ్లు మూసుకున్నాడు. కేక రాలేదు. కళ్లు తెరిచి చూస్తే, హనుమంతయ్య తలెత్తి, దండ వేసిన తమ్ముడి ఫొటోను చూస్తూ అట్లాగే నిలబడిపోయి ఉన్నాడు. చేతికర్ర జారి కిందపడింది.

"వ్యాసా..." అన్నాడు.

మన దగ్గర ఫొటోకు దండ వేశారంటే ఆ మనిషి ఏమైనట్టో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సుమంత్‌కు ఆ సంగతి అప్పుడే తట్టి, నిచ్చెన గట్టిగా కరుచుకున్నాడు.

"పొద్దున్నే మొగం తెల్లబోయి జమ్మలమడుగుకు పోయినాడని భావన చెప్పినప్పుడే నాకు గుండె జల్లుమనింది," అంది రాజేశ్వరమ్మ.

"అందుకేనా అప్పా, టైరు పంక్చరని అబద్ధం చెప్పినావు?" అన్నాడు హనుమంతయ్య.

"కాదు మామా! ఆయనకేం కాలేదు! బాగుండాడు!"

"నాకు ధైర్యం చెప్పొద్దు. దండేసి బాగుండాడంటావేంది?" హనుమంతయ్య మెట్లమీద కూలబడ్డాడు. మోకాళ్లు వంగక ఒక కాలు చాచుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పరుపు కోసరం రాజేశ్వరీ! ఒక దూది పరుపు కోసరం తమ్మున్ని పోగొట్టుకున్న్యా! ఇప్పుడు నాకే మోకాళ్లు వంగవు. ఈ దుకాణంలో ఏముండాయో చూడు, అన్నీ కుర్చీలే. వాడు చెప్పిందే చేసినా. చేసి, నువ్వు చెప్పిందే కరెక్టురా అని చెప్పేదానికి నోరు రాల్యా. రేపు చెప్తాం, మాపు చెప్తాం అనుకుంటానే ఉన్న్యా."

నిచ్చెన మీద సుమంత్‌కు గది సంగతి మరుపున పడింది. ఆ ముసలాయన ఏడుపు వింటుంటే, తన సామానంతా వీధిలో పడ్డా ఫర్వాలేదు, ఈయన ఏడుపు ఆగితే చాలనిపించింది. గబగబా నిచ్చెన దిగసాగాడు.

అప్పుడే ఇంకో కారు వచ్చి ఆగింది. స్వీటు డబ్బాలు చంకన పెట్టుకుని వేదవ్యాస దిగాడు. జనం గుమిగూడి ఉన్నారు, అన్న మెట్లమీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఆయన డబ్బాలు అక్కడే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చి అన్న ముందు కూర్చున్నాడు.

"అన్నా! ఏందన్నా ఇది? ఎవురు పోయినారు?"

"మా తమ్ముడు," అన్నాడు హనుమంతయ్య తల ఎత్తకుండా.

తర్వాత తల ఎత్తాడు.

హనుమంతయ్య చెయ్యి చాచి ఆ తెల్లమీసాన్ని పట్టుకుని ఒకసారి గుంజి చూశాడు. అది ఊడలేదు. "ఉండావా!" అని గట్టిగా అరిచి, తమ్ముడి వీపు మీద ఒకటి చరిచి, అదే చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. రాజేశ్వరమ్మ ఏడ్చింది. గొడవేమిటో తెలియని జియావుల్లా కూడా భుజం మీది తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

కళ్లు తుడుచుకున్నాక లెక్కలు మొదలయ్యాయి. "ఫ్లెక్సులో వీన్ని ఎవురు పెట్టినారు?" అని హనుమంతయ్య అడిగాడు. సుమంత్ నోరు తెరిచేలోపే జియావుల్లా ముందుకొచ్చి, "నేనే సార్. సుమంత్ చెయ్యి జారి గోడ ఎనకేసినాడు. నేను బయటికి తీసినా," అన్నాడు గర్వంగా. వేదవ్యాస అన్న ముఖంలోకి చూశాడు. అన్న ఫ్లెక్సు వైపు చూశాడు.

"చెయ్యి జారిందిలేరా. పనిలో జారతాదప్పుడప్పుడు," అన్నాడు హనుమంతయ్య. అని, సుమంత్ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో గది భద్రంగా ఉంది. సుమంత్ ఊపిరి పీల్చుకుని, ఆకలి గుర్తొచ్చి, కిందపడిన డబ్బాల్లోంచి ఒక మైసూరుపాకు తీసుకున్నాడు.

"ఆ కండువా మడతకు గోర్లుండాయని నేను ఆ పొద్దే చూసినా," అంది రాజేశ్వరమ్మ.

అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి ఫ్లెక్సును తీరిగ్గా చూశారు. దండ తీయించారు. నాయన ఎంత బాగున్నాడో చెప్పుకున్నారు. మళ్లీ కొంచెం ఏడ్చారు. అంతలో వేదవ్యాస గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగుండాది గానీ అన్నా, ఆ పరుపు ఎందుకు? కుర్చీల దుకాణం ముందర పరుపు బొమ్మేంది? జమ్మలమడుగులో నా దుకాణానికి ఎదురుగ్గా గూడా అదే కట్టించినావు. నా కౌంటర్లకు అది వెక్కిరింపు గాదూ?"

హనుమంతయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. "అది నాయన కూర్చున్న పరుపురా. అది తీస్తే..."

"తీస్తే ఏమైతాది?"

సుమంత్ నోట్లో మైసూరుపాకు అట్లాగే ఆగిపోయింది. హనుమంతయ్య తమ్ముడి మీసం వైపు చూశాడు, తీసిన దండ వైపు చూశాడు, చివరికి సుమంత్ వైపు తిరిగాడు.

"జమ్మలమడుగు ఫ్లెక్సులో ఆ పరుపు కనపడగూడదు. ఎట్ల చేస్తావో నాకు దెల్దు," అన్నాడు.

సుమంత్ ఆ సాయంత్రమే స్టూడియో చేరి, ఉగ్గాని వేడిచేయించుకుని తిని, వేదవ్యాసను దాచిన గండికోట గోడనే పరుపు మీదికి జరిపి నెమ్మదిగా అద్దాడు. ఈసారి పొరలన్నీ కలిపేసి, రెండుసార్లు సరిచూసుకుని మరీ పంపాడు.

తండ్రీకొడుకులు ముగ్గురూ ఇప్పుడు జమ్మలమడుగులో గాలిలో కూర్చుని ఉన్నారు.